రెండు లీటర్ల గ్రైండర్: పిండి సరే, తీరిక ఎంత మిగులుతుంది?

గ్రైండర్ కొనేవాళ్ళు షాపులో మామూలుగా అడిగేవి రెండే. పిండి మెత్తగా వస్తుందా, గ్యారంటీ ఎన్నేళ్ళు. మొదటిదానికి ఏ కంపెనీవాడైనా వెన్నలా వస్తుందనే అంటాడు, రెండోది డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది. అడగాల్సిన సంగతి వేరే ఉంది. ఒక విడత పిండి రుబ్బడానికి మనిషి చెయ్యి ఈ మెషీన్ మీద ఎన్ని నిమిషాలు ఉండాలి? మోటారు ఎంతసేపు తిరిగిందన్నది కాదు, మనిషి ఎంతసేపు తిరగాల్సి వచ్చిందన్నది లెక్క. ఈ సమీక్ష ఏదో ఒక కంపెనీ మోడల్ గురించి కాదు. షాపుల్లో ఎక్కువగా అమ్ముడుపోయే రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్ల గురించి.

వంటింటి వస్తువుకు నిమిషాల లెక్క ఎందుకంటే, దాన్ని కొనేదే అందుకు. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారు. అంటే వారానికి 33 గంటల పైమాటే. మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. ఐదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకు తొమ్మిది తగ్గాయి! తమిళనాడు ప్రభుత్వం 2011లో రేషన్ కార్డు మీద ఆడవాళ్ళకు మిక్సీ, గ్రైండర్, ఫ్యాను ఉచితంగా పంచినప్పుడు జనాకర్షణ అని వెక్కిరించినవాళ్ళలో రుబ్బురోలు ముందు కూర్చున్నవాళ్ళు ఎందరో తెలీదు. ఆ గ్రైండర్ పుట్టిల్లు కోయంబత్తూరు. అక్కడి వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ముందు మెషీన్ సంగతి. అడుగున గ్రానైట్ రాయి అతికించిన స్టీలు డ్రమ్ము, దాని మీద దొర్లే రెండు రాళ్ళు (కొన్నిట్లో మూడు), వాటిని పట్టి ఉంచే ఇరుసు, డ్రమ్ము గోడకు అంటిన పిండిని గీకి మళ్ళీ రాళ్ళ కిందికి తోసే ప్లాస్టిక్ వైపర్, కింద బెల్టు, మోటారు. అంతే. రుబ్బురోట్లో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. ఇక్కడ రోలే తిరుగుతుంది, రాళ్ళు ఉన్నచోటే దొర్లుతాయి. రాళ్ళు గుండ్రటి స్తంభంలా ఉండే మోడళ్ళున్నాయి, ఒక కొస సన్నబడి శంఖంలా ఉండేవీ ఉన్నాయి. డ్రమ్ము మధ్యలో తక్కువ దూరం, అంచున ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి శంఖం ఆకారం రాయి జారకుండా దొర్లుతుంది, అరుగుదల తక్కువ. దానికి కాస్త ఎక్కువ పెట్టొచ్చు.

మోటారు 150 వాట్లనుకుందాం. అరగంట తిరిగితే 0.075 యూనిట్. నెలకు పదిసార్లు రుబ్బినా ఒక యూనిట్ కాలదు. 750 వాట్ల మిక్సీ పది నిమిషాలకు 0.125 యూనిట్ తీసుకుంటుంది. కాబట్టి కరెంటు బిల్లు గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి.

ఇక అసలు లెక్క. కొలతకు గ్లాసున్నర మినపగుళ్ళు తీసుకుందాం, గ్లాసు 200 గ్రాములు పడితే మొత్తం 300 గ్రాములు. దీనికి ఇడ్లీ రవ్వ కలిపితే అరవై ఇడ్లీల దాకా వస్తాయి, నలుగురున్న ఇంటికి నాలుగు పూటల టిఫిను. చెయ్యి తిరిగినవాళ్ళకు పట్టే సమయాలు సుమారుగా ఇలా ఉంటాయి. రుబ్బురోలైతే ముప్పావు గంట నుంచి గంట, ప్రతి నిమిషమూ చేతిదే, నడుముదే. మిక్సీ అయితే పెద్ద జార్‌లో మూడు విడతలు, మధ్యలో జార్ చల్లారనిస్తూ పదిహేను నిమిషాలు, కడగడానికి మూడు, మొత్తం పద్దెనిమిది. గ్రైండర్ దాదాపు అరగంట తిరుగుతుంది. చేతి పని మాత్రం ఇంత: బిగించడానికి రెండు నిమిషాలు, పప్పు కొద్దికొద్దిగా వేయడానికి నాలుగు, మధ్యలో మూడుసార్లు గరిటెతో పక్కలు తోయడానికి మూడు, పిండి తీయడానికి ఐదు, కడగడానికి ఏడు. కూడితే ఇరవై ఒకటి.

అవును, మిక్సీ కంటే మూడు నిమిషాలు ఎక్కువ. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు.

మరి గ్రైండర్ ఎందుకు? ఆ ఇరవై ఒక్క నిమిషాలు పప్పు పెరిగినా పెద్దగా పెరగవు. బిగించడం ఒక్కసారే, కడగడం ఒక్కసారే. మిక్సీలో పప్పు రెట్టింపైతే విడతలూ రెట్టింపు, నిలబడే కాలమూ రెట్టింపు. అట్లకు బియ్యం కూడా రుబ్బాల్సి వస్తే తేడా ఇంకా తెలుస్తుంది. కిలో దాకా నానబెట్టిన బియ్యం, పప్పు మిక్సీలో వేస్తే ముప్పావు గంట వంటింట్లోంచి కదల్లేరు. గ్రైండర్లో రెండు విడతలకు చేతి పని సుమారు అరగంటే, మొదటి విడత పిండి తీశాక డ్రమ్ము కడగకుండానే బియ్యం వేసేయొచ్చు కాబట్టి. తూకంలో చెప్పాలంటే పొడి పప్పు 300 గ్రాములు కాస్త దాటిన దగ్గర రెండూ సమానం. అంతకు తక్కువ రుబ్బే ఇంటికి మిక్సీయే తీరిక ఇస్తుంది, ఎక్కువ రుబ్బే ఇంటికి గ్రైండర్.

రెండో లాభం పిండిది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పును కోస్తుంది, ఆ రాపిడికి పిండి వేడెక్కుతుంది. రాయి నలుపుతుంది, పిండిని మడతలు పెడుతూ గాలిని లోపలికి తీసుకుంటుంది, మినప్పప్పులోని జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. అందుకే మిక్సీ పిండికి గ్లాసు గుళ్ళకు రెండు గ్లాసుల రవ్వ పడితే గ్రైండర్ పిండికి రెండున్నర పడుతుంది, ఇడ్లీ మెత్తదనం తగ్గదు.

మధ్యలో మిగిలే ఖాళీ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. మోటారు తిరిగే అరగంటలో చెయ్యి అక్కర్లేని సమయం పదిహేను నిమిషాల పైనే ఉంటుంది. కానీ అది ఒక్క ముక్కగా రాదు, ఐదు నిమిషాలు, ఆరు నిమిషాలు, మళ్ళీ ఐదు. ఐదు నిమిషాల్లో కునుకు తీయలేం, పుస్తకం ముందుకు సాగదు, ఫోన్లో అమ్మతో మాట మొదలుపెడితే మధ్యలో పిండి పిలుస్తుంది. ఆ ఖాళీలోకి గిన్నెలు, కూరగాయలు, బట్టలు వచ్చి చేరతాయి. తీరికంటే చేతులు ఖాళీగా ఉండటం ఒక్కటే కాదు, మనసు అటు లాగకుండా ఉండటం కూడా. ఈ లెక్కన గ్రైండర్లో డబ్బు పెట్టదగ్గ అదనపు సౌకర్యం ఒక్కటే, టైమర్. ఇరవై ఐదు నిమిషాలకు దానంతటదే ఆగిపోతే చివరి పది నిమిషాలు నిజంగా మీవి. టైమర్ లేనివాటిలో ఇంకో నష్టం కూడా ఉంది. మాటల్లో పడి నలభై నిమిషాలు దాటిస్తే రాళ్ళ రాపిడికి పిండి వేడెక్కి, పట్టుకున్న గాలి పోయి, నీరుగారుతుంది. బాగా రుబ్బాం కదా, ఇడ్లీలు గట్టిగా వచ్చాయేమిటని తల పట్టుకునేవాళ్ళలో చాలామంది కథ ఇదే.

ముక్కలైన ఖాళీని కాస్త పెద్దది చేసుకునే మార్గం పప్పు వేసే పద్ధతిలో ఉంది. గుళ్ళు రెండు మూడు గంటలు నానితే చాలు, ఎండాకాలం అంతకంటే నాననివ్వొద్దు. అర చెంచా మెంతులు కలిపి నానబెట్టొచ్చు. నానిన నీళ్ళు చల్లగా ఉండేలా చూసి అవే వాడుకోవచ్చు. ముందు డ్రమ్ములో పావు గ్లాసు నీళ్ళు పోసి మెషీన్ ఆన్ చేయాలి, తర్వాతే పప్పు, పిడికెడు పిడికెడుగా, మూడు నాలుగు నిమిషాల్లో. మొత్తం ఒకేసారి కుమ్మరించి ఆన్ చేస్తే రాళ్ళు పప్పు మీద ఎక్కి కూర్చుంటాయి, డ్రమ్ము తిరగదు, బెల్టు జారి రబ్బరు కాలిన వాసన వస్తుంది. పప్పు ముక్కలయ్యాక అర గ్లాసు నీళ్ళు పోసి ఆరేడు నిమిషాలు వదిలేయొచ్చు. ఆపైన పిండి బిగిసినప్పుడల్లా రెండు మూడు చెంచాలు చిలకరించడమే. 300 గ్రాముల గుళ్ళకు మొత్తం మీద గ్లాసున్నర నుంచి రెండు గ్లాసుల నీళ్ళు పడతాయి, పప్పు పాతదైతే ఇంకాస్త. నీళ్ళు ముందే పోసేస్తే పలుచని పిండిలో పలుకులు రాళ్ళకు దొరక్కుండా ఈదుతుంటాయి, ఎంతసేపు తిప్పినా మెత్తబడవు. గిన్నెడు నీళ్ళలో చిటికెడు పిండి వేస్తే తేలాలి. తేలితే ఆపేయండి.

గారెల పిండి దగ్గర మాత్రం గ్రైండర్ తీరిక ఇవ్వదు. నీళ్ళు దాదాపు లేకుండా రుబ్బాలి కాబట్టి పిండి ముద్దగా రాళ్ళ మీదికి ఎక్కుతుంది, రెండు నిమిషాలకోసారి కిందికి తోస్తూ దగ్గరే నిలబడాలి. చేత్తో కాదు, చెక్క గరిటెతో. మెషీన్ తిరుగుతుండగా రాళ్ళ మధ్య వేలు పెట్టడం ఎప్పుడూ వద్దు. గారెలకు ఒక విడతకు గ్లాసు గుళ్ళు మించనివ్వకండి. అలాగని మరీ తక్కువ వేసినా కష్టమే. అర గ్లాసు పప్పు రాళ్ళ కింద ఆగదు, గోడకు అంటుకుని ఉండిపోతుంది, రాయి మీద రాయి ఒరుసుకుని గోల చేస్తుంది. రెండు లీటర్లన్నది డ్రమ్ము అంచుదాకా కొలత, పిండికి పనికొచ్చే చోటు అంతకంటే తక్కువే. నడిమి ఇరుసు గొట్టం పైభాగం ఎప్పుడూ పిండి పైకి కనబడుతూ ఉండాలి. అది మునిగితే నీళ్ళు గొట్టం లోపలినుంచి కిందికి దిగి బేరింగును, బెల్టును తడుపుతాయి. మొదట కీచుమని చప్పుడు వస్తుంది, తర్వాత తుప్పు పడుతుంది, ఆ తర్వాత మెకానిక్ వస్తాడు.

కడగడం గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే చేతి పనిలో మూడో వంతు అదే. పిండి తీసేశాక అర గ్లాసు నీళ్ళు పోసి ఒక నిమిషం తిప్పండి, రాళ్ళకు అంటిన పిండి చాలావరకు వదులుతుంది. ఆ నీళ్ళు పారబోయక్కర్లేదు, రవ్వలోనో అట్ల పిండిలోనో కలిపేయొచ్చు. తర్వాత రాళ్ళ సెట్టు వెంటనే తీసి నీళ్ళలో వేయాలి. గంట ఆలస్యమైతే రాయికీ ఇరుసుకీ మధ్య చేరిన పిండి సిమెంటులా గట్టిపడుతుంది, ఏడు నిమిషాల పని పదిహేను అవుతుంది. కడిగాక బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. తడి రాళ్ళను డ్రమ్ములోనే పెట్టి మూత పెడితే రెండో రోజుకు పులిసిన కంపు, వారానికి ఇరుసు దగ్గర నల్లటి బూజు. వైపర్ అంచు అరిగిపోతే గోడకు పిండి మిగిలిపోతుంది, మీ గరిటె పని పెరుగుతుంది. చిన్న ప్లాస్టిక్ ముక్కే, మార్చేయండి.

టిల్టింగ్ మోడలా, మామూలుదా అన్న ప్రశ్నకు ఈ కడగడమే జవాబు. మామూలు మోడల్లో డ్రమ్ము ఎత్తి సింకు దగ్గరికి తీసుకెళ్ళాలి. అడుగు రాయి, దొర్లే రాళ్ళు, పిండి కలిపితే ఐదారు కిలోలకు తక్కువుండదు. నడుం నొప్పి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకు అది శిక్ష. టిల్టింగ్ దాంట్లో డ్రమ్ము ఉన్నచోటే వంచి పిండి గిన్నెలోకి దింపొచ్చు. అయితే చాలా టిల్టింగ్ మోడళ్ళలో డ్రమ్ము మెషీన్ నుంచి విడిగా రాదు, లోపల నీళ్ళు పోసి, వంచి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పోసి కడగాలి. పిండి తీయడంలో మిగిలిన రెండు నిమిషాలు కడగడంలో పోతాయి. బరువు ఎత్తలేనివాళ్ళు టిల్టింగ్ తీసుకోవాలి, మిగతావాళ్ళకు డ్రమ్ము ఊడొచ్చేదే మేలు. అంతకంటే ముఖ్యం గ్రైండర్ను ఎక్కడ పెడతారన్నది. మొత్తం బరువు పది కిలోలు దాటుతుంది. అటక మీదో, అలమరా కింది అరలోనో పెట్టిన గ్రైండర్ ఆరు నెలల్లో దుమ్ము పట్టిపోతుంది. సింకుకు చేరువలో, ప్లగ్గు పక్కన, గట్టు మీద శాశ్వతంగా రెండడుగుల చోటు ఇవ్వలేకపోతే కొనకండి.

కొబ్బరి తురిమేదీ, చపాతీ పిండి కలిపేదీ అదనంగా ఇస్తారు. రెండూ డబ్బాలోనే ఉండిపోతాయి. అరకిలో గోధుమపిండి చేత్తో కలపడానికి ఐదారు నిమిషాలు. రాళ్ళు తీసి, కలిపే కొక్కెం బిగించి, తర్వాత ఎండిన పిండి గీకి కడగడానికి అంతకు రెట్టింపు.

రిపేర్లు తక్కువే కానీ వస్తే గుర్తుపట్టడం తేలిక. మోటారు హుమ్మని మూలుగుతూ తిరగకపోతే, స్విచ్ ఆపి చేత్తో డ్రమ్ము తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే చాలావరకు కెపాసిటర్ పోయినట్టే, చవక వస్తువు. మోటారు తిరుగుతూ డ్రమ్ము ఆగిపోతుంటే బెల్టు వదులైంది. ఉన్నట్టుండి మొత్తం ఆగిపోతే మెషీన్ అడుగున ఎర్ర బటన్ ఉందేమో చూడండి, అది ఓవర్‌లోడ్ రక్షణ. పప్పు కొంత తీసేసి, పది నిమిషాలాగి నొక్కితే తిరుగుతుంది. వేసవి సాయంత్రాలు వోల్టేజి పడిపోయే ఊళ్ళలో ఈ బటన్ తరచూ పడుతుంది, పొద్దున్నే రుబ్బుకోవడం నయం. ఏళ్ళ తరబడి వాడాక రాళ్ళు నునుపెక్కి రుబ్బడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. రోళ్ళకు గంట్లు కొట్టేవాళ్ళు ఇప్పుడు వీధుల్లో అరుదు, అలవాటు లేనివాళ్ళ చేత కొట్టిస్తే రాయి పగులుతుంది. రాళ్ళ సెట్టు కొత్తది తీసుకోవడమే దారి. కొన్న కొత్తలో కూడా రాతి పొడి ఉంటుంది. గుప్పెడు బియ్యం నీళ్ళతో పది నిమిషాలు తిప్పి పారబోయాలి, నీళ్ళు తెల్లగా వచ్చేదాకా రెండు మూడుసార్లు.

ఇంత చెప్పాక కూడా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. రుబ్బురోలు రోజుల్లో చాలా ఇళ్ళలో ఇడ్లీ అంటే ఆదివారమో, చుట్టాలొచ్చిన రోజో. మిగతా రోజులు చద్దన్నం, ఉప్మా. గ్రైండర్ వచ్చాక అది రోజువారీ అయింది. పైగా "గ్రైండర్ ఉందిగా" అన్న మాట ఒకటి ఇంట్లోకి వస్తుంది. గ్రైండర్ ఉందిగా, పెసరట్లు వేయొచ్చుగా. గ్రైండర్ ఉందిగా, పదిమందికి గారెలేగా. మెషీన్ మిగిల్చిన సమయం ఇలా మళ్ళీ పొయ్యి దగ్గరికే చేరుతుంది. అది మోటారు లోపం కాదు కాబట్టి గ్యారంటీలో రాదు. రుబ్బడం వారానికి రెండుసార్లకు మించకుండా, పిండి ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉండేలా చూసుకుంటే కొంత నయం.

ఇద్దరే ఉన్న ఇంటికి, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు ఈ వస్తువు అక్కర్లేదు. వీధి చివర పిండి అమ్మేవాళ్ళ దగ్గర కొన్నా, వారానికోసారి మిక్సీలో గ్లాసు పప్పు వేసుకున్నా సరిపోతుంది. పిండి కొనడం బద్ధకమనేవాళ్ళకు ఇరవై ఒక్క నిమిషాల లెక్క చూపించండి. ఇంకో రకంవాళ్ళూ ఉన్నారు. ఆదివారం పొద్దున రాళ్ళు తిరుగుతుంటే పక్కన కాఫీ పెట్టుకుని, పిండి నురగ కట్టడం చూస్తూ కూర్చోవడమే వాళ్ళకు సరదా. వాళ్ళకు ఇది పని కాదు, నిమిషాలు లెక్కపెట్టాల్సిన అవసరమూ లేదు. అదే మెషీన్ శుక్రవారం రాత్రి పదింటికి, మర్నాటి టిఫిను కోసం నిద్రకళ్ళతో తిప్పేవాళ్ళకు మాత్రం ప్రతి నిమిషమూ లెక్కే.

కొనాలనే నిశ్చయించుకుంటే షాపులో మూత తీయించి రాళ్ళ సెట్టు ఒంటి చేత్తో పైకి తీయండి, మళ్ళీ బిగించండి. స్క్రూ తిప్పకుండా లాకు పడితే మంచిది. ఇరుసు దగ్గర వేలు దూరని సందులుంటే అక్కడ పిండి ఉండిపోతుందని అర్థం. డ్రమ్ము కూడా ఎత్తి నాలుగడుగులు నడిచి చూడాలి. ఈ పని డబ్బు కట్టేవాళ్ళు కాకుండా ఇంట్లో దాన్ని కడిగేవాళ్ళు చేయాలి. వాళ్ళు షాపుకు రాకపోతే ఆ రోజు కొనకండి.